మామగారి వెనక బండి

ట్రాక్ గేటు ఎదురిల్లు,
ఆదివారం మధ్యాహ్నం

ఉడుతా,

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటి అని విసుక్కోకు. మీ ఇంట్లో ఫోను మోగితే నాన్న స్పీకర్లో పెడతాడు. ఇంజన్ల పక్కన బతికిన చెవులాయె, అలా పెడితే గానీ వినపడదు. మా ఇంట్లోనేమో మీ బావ పేపరు చదువుతున్నట్టు నటిస్తూ ప్రతి మాటా వింటారు. ఇంక మనిద్దరం మనసు విప్పి మాట్లాడుకునేది ఎక్కడ?

సంగతేమిటంటే మా ఎదురుగా ఉన్న ట్రాక్ అమ్మేశారు. గోదాములు కడతారట. మూసేసే ముందు ఒక్కరోజు, ఇక్కడ పరుగెత్తిన పాత రేసు కార్లన్నిటినీ పిలిచి వీడ్కోలు పండగ చేస్తామని క్లబ్బు సెక్రటరీ ఇంటికొచ్చి చెప్పాడు. నాన్న ఆకుపచ్చ బండి ఇంకా మా షెడ్డులోనే ఉందిగా, దాన్ని నాన్నే నడపాలని అందరి కోరిక. అది అన్నిటికంటే పాతది కాబట్టి అదే ముందు నడుస్తుంది. దాని వెనక మీ బావ ఎర్ర బండి.

ఇక్కడ కూడా రెండోవాడేనా అని పాల ఆయన నవ్వాడు. వీధిలో మీ బావని "రెండు" అని పిలవడం నీకు తెలుసుగా. పిలవనీ. నాన్నతో పందేల్లో ఆయన ఎందుకు ఎప్పుడూ రెండోవాడుగా వచ్చారో ఊళ్ళో ఎవరికీ తెలియకపోయినా నాకు తెలుసు. పిల్లనిచ్చిన మామని నలుగురిలో దాటిపోవడం ఆయన వల్ల కాదు. ఆ మాట ఆయన ఎన్నడూ అనలేదు, నేనూ అడగలేదు. కాపురం అన్నాక కొన్ని అడక్కుండానే తెలుస్తాయి.

నాన్నని పంపు. డాక్టరు వద్దంటే డాక్టరు మార్చు.

అక్క

*

మందుల షాపు మేడ మీద,
గురువారం

అక్కా,

నీ ఉత్తరం నాన్నకి చూపించకూడదనుకున్నాను గానీ ట్రాక్ సంగతి మాత్రం చెప్పాను. చెప్పినప్పటి నుంచి ఆయన కాలు నిలవడం లేదు. కుర్చీలో కూర్చుని నేల మీద క్లచ్చు నొక్కుతున్నాడు, గేరు మారుస్తున్నాడు. నిన్న షాపులోకి దగ్గుమందు కోసం వచ్చిన ఆవిడకి తన గెలుపులన్నీ వరసగా చెప్పాడు. పాపం, ఆవిడ దగ్గడం కూడా మానేసి విన్నది. గోడ మీది అరలో పందేల్లో గెలిచిన కప్పులన్నీ దించి తుడిపించి మళ్ళీ పెట్టించాడు. ఏది దేని పక్కన ఉండాలో నాకు గుర్తుండక తిట్లు కూడా తిన్నాను.

డాక్టరు ఒప్పుకున్నాడు. నేను ఒప్పుకోవడానికి మాత్రం ఒక షరతుంది. నెమ్మదిగా నడపాలి, ఎవరూ ఆయన్ని తొందరపెట్టకూడదు. ఎవరైనా పక్కకొచ్చి ఇంజను మోత పెడితే నాన్నకి వయసు గుర్తుండదు. నాన్న ముందు, మిగతా అందరూ వెనక. అలాగైతేనే పంపుతాను. నువ్వు మాటిస్తే మా ఆయన తీసుకొచ్చి దింపుతాడు, పండగ చూసి వెనక్కి తీసుకొస్తాడు. షాపు వదిలి నేను రాలేను.

బావ గురించి నువ్వు రాసింది చదివి నవ్వుకున్నాను. ఎంత మురిపెం అక్కా నీకు! పోనీలే, మీ ఆయన మంచితనం మీ ఇంట్లోనే ఉంచుకో, నాన్న చెవిన పడనివ్వకు.

ఉడుత

*

ట్రాక్ గేటు ఎదురిల్లు,
సోమవారం పొద్దున్న

ఉడుతా,

ఈ ఉత్తరం మరిది చేతికే ఇచ్చి పంపుతున్నాను. పండగ బాగా జరిగింది. జనం బాగా వచ్చారు. నాన్న చక్కగా నడిపాడు. అలసిపోయాడు, రెండు రోజులు ఎక్కువ మాట్లాడించకు. బండికి ఏమీ కాలేదు.

మీ బావకి కొంచెం ఒంట్లో బాగాలేదు, అందుకే నాన్నని బస్సు దాకా దింపడానికి రాలేదు. ఇంకేం లేవు విశేషాలు.

అక్క

*

మందుల షాపు మేడ మీద,
శనివారం

అక్కా,

ఇంకేం లేవా విశేషాలు?

నోట్లో నువ్వుగింజ నానని మా ఆయన ఊరి నుంచి వచ్చి నోరు మెదపకపోయేసరికే నాకు అనుమానం వచ్చింది. నిన్న గట్టిగా నిలదీస్తే కక్కాడు. ఆఖరి చుట్టులో, గ్యాలరీ ముందు, అందరూ చూస్తుండగా బావ నాన్నని దాటి ముందుకెళ్ళి రెండు చేతులూ పైకెత్తాడటగా! ఎనభై ఏళ్ళ ముసలాయన్ని! అది పందెమా? ఊరేగింపు! ఎవరూ ఎవరినీ దాటకూడదని మైకులో చదివాకే కదా బండ్లు కదిలింది?

జనమంతా బిగుసుకుపోయి కూర్చుంటే ఒక్క మనిషి లేచి నిలబడి చప్పట్లు కొట్టిందట. ఎవరా మహాతల్లి అని చూస్తే నువ్వట!

నువ్వు మాటిచ్చాకే నాన్నని పంపాను. నాన్న ముందు, అందరూ వెనక అని రాశానా లేదా? షాపుకి వచ్చేవాళ్ళు "మీ నాన్నగారి పండగ ఎలా జరిగిందమ్మా" అని అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టుంది. ఆయన కన్నబిడ్డవి నువ్వు. చప్పట్లు ఎలా కొట్టాలనిపించింది?

బావకి ఒంట్లో బాగాలేదన్నావుగా. తగ్గకపోతే చెప్పు, ఇక్కడ మందులున్నాయి. సిగ్గుకి మాత్రం మందు లేదు.

ఇట్లు
నీ చెల్లెలు

*

ట్రాక్ గేటు ఎదురిల్లు,
బుధవారం

చెల్లీ,

తిట్టు. ఇంకా తిట్టాల్సింది. నీ ఉత్తరం చదువుతుంటే కనీసం ఒక మనిషైనా అనాల్సిన మాట అన్నది అనిపించింది. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. నన్ను చూసి కూడా చూడనట్టు కూరగాయలు ఏరుకుంటారు.

జరిగింది చెప్తాను. నీ దగ్గర దాచి ఇంక మూటగట్టుకునేదేముంది?

బండ్లు కదిలేముందు మీ బావ మామూలుగానే ఉన్నారు. నాన్న సీట్లో కూర్చోవడానికి భుజం పట్టుకున్నది కూడా ఆయనే. మొదటి చుట్లు సవ్యంగా తిరిగాయి. నాన్న ఒక చెయ్యి ఊపుతూ పెళ్ళికొడుకులా వచ్చాడు, వెనక మీ బావ, వాళ్ళ వెనక మిగతావాళ్ళు. ఆఖరి చుట్టులో గ్యాలరీ ముందున్న తిన్నని దారి మీదికి వచ్చారు. ఎర్ర బండి పక్కకి జరిగింది. ఏదో చెడిపోయి ఆపుతున్నారేమో అనుకున్నాను. ఒక్కసారి ఇంజను అరిచింది, నాన్న పక్క నుంచి దూసుకుపోయారు. గీత దాటాక రెండు చేతులూ ఎత్తేశారు.

జెండా ఊపే ఆయన నాన్న కోసం జెండా పైకెత్తి ఉన్నాడు. దాన్ని ఏం చెయ్యాలో తెలియక నెమ్మదిగా కిందికి దించేశాడు. మైకులో మాట ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నా చప్పట్లు నాకే వినపడ్డాయి చెల్లీ. ఎందుకు కొట్టానంటావా? ఇన్నేళ్ళూ నా కోసం, నాన్న కోసం అణుచుకున్నది ఇవాళ ఒక్కసారి చూపించారు అనిపించింది. చేతులు వాటంతటవే కలిశాయి. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు చూశాను, నాన్న ఒంటరిగా నెమ్మదిగా వస్తున్నాడు. అప్పుడు లేచారు జనమంతా, ఆయన కోసం. నేను మాత్రం కూర్చుండిపోయాను.

నాన్న దిగి ఎర్ర బండి బోనెట్టు మీద చేత్తో తట్టి, తాగడానికి నీళ్ళడిగాడు. అంతే. మీ బావ హెల్మెట్ తియ్యలేదు. ఇంటికొచ్చేదాకా తియ్యలేదు.

అప్పటి నుంచి గడప దాటడం లేదు. షెడ్డుకి వెళ్ళాలంటే వీధి దాటాలి కాబట్టి షెడ్డు కూడా మానేశారు. "మామయ్యకి ముఖం ఎలా చూపించను" అన్నదొక్కటే మాట. వెళ్ళి క్షమాపణ అడగండి అంటే, "ఏమని అడగను, ఏ పిచ్చి పట్టిందో నాకే తెలియదు" అంటారు. నేను వెళ్ళమని పోరుతున్నాను. నాన్న కోపంగా ఉన్నాడా? అది ఒక్కటి రాయి. నా మీద కోపం ఉంచుకో, నాన్న సంగతి మాత్రం రాయి.

అక్క

*

మందుల షాపు మేడ మీద,
మంగళవారం

అక్కా,

నాన్న సంగతి అడిగావు. వారం రోజులుగా రాద్దామని కూర్చోవడం, కాగితం మడిచేయడం. రాయడానికి చెయ్యి రాలేదు.

నీ మీద నిప్పులు చెరిగిన ఉత్తరం ఉంది చూడు, అది రాసేనాటికి నాన్నకి అసలు కోపమే లేదు. వచ్చిన దగ్గర్నుంచి నవ్వుతూనే ఉన్నాడు. "అల్లుడికి ఇన్నాళ్ళకి దొరికానే!" అని షాపులో అందరికీ చెప్పి నవ్వాడు. "నా వెనక దుమ్ము తిని తిని విసుగెత్తి ఉంటాడు, ఆ మాత్రం చెయ్యనీ" అన్నాడు. నాకేమో ఒళ్ళు మండింది. తనని అంత అవమానం చేస్తే ఈయన నవ్వుతాడేమిటి అని.

ఉత్తరం డబ్బాలో వేసి వచ్చిన రోజే, భోజనాల దగ్గర మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాడు. ఉండబట్టలేకపోయాను. "దుమ్ము తినడమేమిటి నాన్నా, బావ కావాలనే వెనక ఉండేవాడట. మామగారని నీకు వదిలేసేవాడట. అక్కే రాసింది" అన్నాను. బావకి లోపల ఎంత గర్వముందో చూడమని చెప్పాలనుకున్నాను అక్కా. నోట్లోంచి వచ్చాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు.

నాన్న ముద్ద కలుపుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. "అన్నీనా?" అన్నాడు. "ఏ పందేలు? అన్నీనా?" అని మళ్ళీ అడిగాడు. తరవాత లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు చూస్తే అరలో కప్పులు లేవు. స్టూలు వేసుకుని తనే దించి, గోనెసంచిలో వేసి మంచం కిందికి తోసేశాడు. కుర్చీలో కూర్చోవడం లేదు. షాపులోకి రావడం లేదు. నిన్న ఎవరో పలకరిస్తే "నేను డ్రైవరుగా పనిచేశానండీ" అన్నాడు. అంతే, ఇంకేమీ చెప్పలేదు.

పండగనాడు బావ దాటింది ఒక్కసారి. నేను ఆయన గెలిచినవన్నీ ఒక్క మాటతో తీసేశాను. సిగ్గుకి మందు లేదని నీకు రాసినదాన్ని నేను!

బావని అడుగు అక్కా. నిజమేనా? నిజమే అయితే అబద్ధమని చెప్పించు. ఏదో ఒకటి చెయ్యి.

ఉడుత

*

ట్రాక్ గేటు ఎదురిల్లు,
శుక్రవారం

ఉడుతా,

అడిగాను.

పొద్దున్న ఆయన గడ్డం గీసుకుంటుంటే నీ ఉత్తరం చదివి వినిపించాను. కొంతే చదువుదామనుకుని మొత్తం చదివాను. నేను నీకు రాసిన మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన అద్దంలోంచి నా వైపు చూశారు. "నువ్వు అలా అనుకుంటున్నావా?" అన్నారు. "ఎప్పటి నుంచీ?"

పెళ్ళైన దగ్గర్నుంచీ అన్నాను.

నవ్వారు. తరవాత నవ్వు ఆగిపోయి, సబ్బు నురగ ముఖం మీద అలాగే ఎండిపోయేదాకా నిలబడ్డారు. "అందుకేనా అందరూ నన్ను ఆ పేరుతో పిలుస్తుంటే నువ్వు అంత నిమ్మళంగా ఉండేదానివి" అన్నారు. నిజం ఏమిటో చెప్పండి అన్నాను. "చెప్పాల్సింది నీక్కాదుగా, ముందు మామయ్యకి" అన్నారు. ఇన్ని రోజులుగా గడప దాటని మనిషి చొక్కా వేసుకుని బస్సు వేళలు కనుక్కోవడానికి వెళ్ళారు.

ఆదివారం ఒక్కరే వస్తున్నారు. నేను వస్తానంటే వద్దన్నారు. ఏం చెప్తారో నాకు తెలియదు చెల్లీ. కాస్త అన్నం పెట్టు.

అక్క

*

మందుల షాపు మేడ మీద,
ఆదివారం సాయంత్రం

అక్కా,

బావ ఇప్పుడే బస్సెక్కాడు. మరిచిపోకముందే రాస్తున్నాను.

వచ్చేసరికి నాన్న మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. బావ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పండగ సంగతి ఎత్తుతాడేమో, కాళ్ళ మీద పడతాడేమో అనుకున్నాను. అవేమీ లేవు. "మామయ్యా, మీకు ఎవరో తప్పు చెప్పారు. నేను ఒక్కటి కూడా వదల్లేదు" అన్నాడు.

"నా కోసం చెప్పకు" అన్నాడు నాన్న, ఇటు తిరగకుండానే.

"మీ కోసం కాదు. నా వల్ల కాలేదు."

నాన్న లేచి కూర్చున్నాడు. బావని అలా చూడటం నేనెప్పుడూ చూడలేదు, షాపులో దొంగనోటు చూసినట్టు చూశాడు. "నీళ్ళ ట్యాంకు మలుపు దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు ఎక్కడ తీసేవాడివి?" అన్నాడు.

"తెల్ల రాయి రాకముందే."

"నేను రాయి దాటాక తీసేవాణ్ణి. నా వెనకే ఉండి చూసేవాడివిగా. నువ్వెందుకు ముందే తీశావు?"

"భయమేసి."

"ఏమిటీ?"

నాన్నకి వినపడలేదు అక్కా. బావ మళ్ళీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "భయమేసి మామయ్యా!" కింద షాపులో ఉన్న మా ఆయనకి కూడా వినపడింది. నాన్న వదల్లేదు. ఒక్కసారైనా కావాలని తీశావా, ఒట్టేసి చెప్పు అన్నాడు. బావ చెప్పాడు. ఒక ఏడాది పందెంలో కాలు తియ్యకూడదని గట్టిగా అనుకుని వెళ్ళాడట. ఆ రాయి కనపడగానే కాలు దానంతట అదే వచ్చేసిందట. ఆ రోజు ఇంటికొచ్చి నీతో బ్రేకు పట్టేసిందని చెప్పాడట.

"మరి మొన్న భయం వెయ్యలేదా?" అన్నాడు నాన్న.

"మొన్న మీరు సైకిలు కంటే నెమ్మదిగా పోతున్నారు. భయం లేని చోట చూసి దాటాను. చేతులు కూడా ఊపాను. అందుకే బయటికి రాలేకపోయాను" అన్నాడు బావ.

నాకూ భయం వేసేదిలే అల్లుడూ అని నాన్న ఒక్క మాట అంటాడని ఎదురుచూశాను. అనలేదు. ఆయన ముఖంలోకి రంగొచ్చింది. మంచం కిందికి చెయ్యి చూపించి "ఆ సంచి తియ్యి" అన్నాడు. అర ఎత్తుగా ఉంటుందిగా, నాకు అందదు. బావే స్టూలెక్కి కప్పులన్నీ పెట్టాడు. ఏది దేని పక్కన ఉండాలో ఒక్కసారి కూడా అడగలేదు. అన్నిట్లోనూ ఆయన రెండోవాడే కదా, వరస తెలియకుండా ఎలా ఉంటుంది?

నేను వంటింట్లోకి వెళ్ళి ముఖం కడుక్కున్నాను. అన్నం తినమంటే బస్సుందన్నాడు. మెట్లు దిగుతూ "అక్కకి నువ్వే రాయమ్మా" అన్నాడు.

రాశాను. తప్పంతా నాదే, మీ ఇద్దరూ కడుపులో పెట్టుకోండి.

ఉడుత

*

ట్రాక్ గేటు ఎదురిల్లు,
గురువారం మధ్యాహ్నం

ఉడుతా,

తప్పు నీదొక్కదానిదే కాదు. ఆ మాట ముందు పుట్టించినదాన్ని నేను.

ఆదివారం ఆయన ఇంటికొచ్చి "మామయ్య బాగున్నారు" అని మాత్రం చెప్పారు. నేను అడగలేదు. అడక్కుండానే తెలుస్తాయని ఇన్నాళ్ళూ బతికినదాన్నిగా, ఈసారి అడగడానికి భయమేసింది. ఇవాళ నీ ఉత్తరం వచ్చింది. వంటింట్లో నిలబడి చదివాను. ఆయన గుమ్మంలో కూర్చుని చెప్పు తెగితే సరిచేసుకుంటున్నారు.

"మొత్తం రాసిందా?" అన్నారు.

రాసింది అన్నాను.

"భయం సంగతి కూడా?"

కూడా అన్నాను.

చెప్పు కింద పెట్టి, నా వైపు చూడకుండా, "నీకు చిన్నతనంగా ఉందా?" అని అడిగారు.

లేదు అనడానికి ఎంతసేపు పడుతుంది చెల్లీ? ఆ మాట నాకు రాలేదు. పాలు పొంగుతున్నాయి అని స్టవ్వు దగ్గరికి పరుగెత్తాను. గిన్నె కూడా వేడెక్కలేదు. అక్కడ నిలబడి చీర కొంగు చేతిలో నలుపుకుంటూ, ఇంతకాలం ఎవరికి అన్నం పెట్టాను, ఎవరి పక్కన కూర్చుని నవ్వాను అని ఆలోచించాను. నా కోసం ఓడిపోయే ఒక గొప్ప మనిషిని నేనే తయారుచేసుకుని ఆయనతో కాపురం చేశాను. ఈయన పాపం, ప్రతిసారీ గెలుద్దామనే వెళ్ళి, భయపడి, ఓడి, ఇంటికొచ్చి బ్రేకు పట్టేసిందని చెప్పుకున్నారు. నేను లోపల్లోపల మురిసిపోతూ ఎదురొచ్చేదాన్ని. నా ముఖంలో ఆ మురిపెం చూసి ఆయన ఏమనుకునేవారో! ఓడినా మా ఆవిడకి లెక్కలేదు, నేనంటే అంత ప్రేమ అనుకుని ఉంటారు.

అదే నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉంది. ఆయన భయపడ్డందుకు కాదు. నాన్న దగ్గర అంత గట్టిగా, కింద షాపు దాకా వినపడేలా చెప్పగలిగిన మనిషికి నేను వెంటనే ఒక్క మాట చెప్పలేకపోయాను.

తిరిగొచ్చి "లేదండీ" అన్నాను. సరే అన్నారు. మళ్ళీ చెప్పు చేతిలోకి తీసుకున్నారు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. అడిగిన వెంటనే రాని జవాబుకి అర్థమేమిటో పందేలు ఓడినవాడికి నేను చెప్పాలా?

ఇంక ఆపుతాను. ఆయన ఇంకా గుమ్మంలోనే ఉన్నారు. చెప్పు కుట్టడం ఎప్పుడో అయిపోయింది, ఊరికే పట్టుకుని కూర్చున్నారు. వెళ్ళి పక్కన కూర్చోవాలి. పాలు పొంగలేదని చెప్పాలి.

అక్క